చార్లెస్ కెట్టరింగ్

నేడు మోటారుకారు నడుపువాడు బండిలో కూర్చుండి తాళపుచెవిని త్రిప్పినంతనే యంత్రము మేలుకొనును. ఆ క్షణకాలమున లోపల ఏమి జరుగుచున్నదో మనము తలపనైన తలపము. 1910వ సంవత్సర ప్రాంతమున ఈ చిన్నపనికి బలముగల మనుష్యుడు కావలసియుండెను. అతడు బండి ముందు నిలిచి, వంకరయైన ఇనుపకడ్డీని యంత్రపు మొగమున దూర్చి, ఒడలి బలమంతయు చూపి త్రిప్పవలెను. ఒకసారి త్రిప్పినంత మాత్రమున యంత్రము కదలునన్న నమ్మకము లేదు. నిప్పురవ్వ వేళకు ముందే పుట్టినచో ఆ కడ్డీ వెనుకకు తన్నెడిది. ఆ దెబ్బకు మణికట్టు విరిగినవారు, దవడ పగిలినవారు అనేకులు. చలికాలమున ఈ పాట్లు ఇబ్బడి ముబ్బడి అయ్యెడివి. ధనికులు సైతము ఈ బాధ పడలేక బండిని కొట్టములోనే ఉంచి గుఱ్ఱములను పూన్పించుకొనుచుండిరి.

ఈ కడ్డీని మూలకు నెట్టి, మోటారుకారును ముసలివారును స్త్రీలును సైతము నడుపగల వాహనముగా మార్చినవారిలో ముఖ్యుడు చార్లెస్ ఫ్రాంక్లిన్ కెట్టరింగ్. ఇతడు 1876వ సంవత్సరము ఆగష్టు 29వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, లౌడన్‌విల్ అను చిన్న ఊరి సమీపమున, ఒక రైతు ఇంట జన్మించెను. తండ్రి జేకబ్, తల్లి మార్తా. పొలము పనులు, పశువుల మేపు, కొండవాగుల నడుమ నడచి బడికి పోవుట, ఇవియే అతని బాల్యము. బుద్ధి చురుకైనదే, కాని కన్నులు బలహీనములు. దీపపు వెలుతురున కొంతసేపు చదివినచో తల పగిలిపోవునట్లు నొప్పి పుట్టెడిది.

ఆ కన్నులతోనే చదువు ముగించుకొని అతడు పల్లెటూరి బడిలో ఉపాధ్యాయుడయ్యెను. కొంత ధనము కూడబెట్టుకొని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదువున చేరెను. కన్నులు మరల మొరాయించెను. చదువు మాని ఇంటికి రావలసివచ్చెను. పుస్తకము విడిచిన యువకుడు పలుగు పార చేతబట్టి టెలిఫోను కంపెనీలో కూలిగా చేరి, స్తంభములు నాటుటకు గోతులు త్రవ్వెను. ఎండలో వానలో ఆరుబయట చేసిన ఆ పని అతని దేహమునకు మేలే చేసెను. కొలది కాలములోనే అతడు తీగలు వేయు కూలీలపై మేస్త్రీ అయ్యెను. ఆ దినములందే ఆలివ్ విలియమ్స్ అను యువతితో పరిచయము కలిగెను. 1905లో ఆమెనే వివాహమాడెను. ధైర్యము తెచ్చుకొని తిరిగి విశ్వవిద్యాలయమునకు పోయినప్పుడు తోడి విద్యార్థులు పాఠ్యపుస్తకములను బిగ్గరగా చదువుచుండగా అతడు విని నేర్చుకొనెడివాడు. 1904లో విద్యుచ్ఛక్తి ఇంజనీరింగున పట్టము పొందునప్పటికి అతనికి దాదాపు ఇరువది యెనిమిది సంవత్సరములు. తోటివారు ఆ పట్టమును ఇరువదిరెండవ యేటనే పొందుచుండిరి.

డేటన్ నగరమున నేషనల్ క్యాష్ రిజిస్టర్ అను పెద్ద కంపెనీ యుండెను. దుకాణములలో చేరిన పైకమును నమోదు చేయు యంత్రములను వారు తయారు చేయుచుండిరి. ఆ యంత్రము పనిచేయవలెనన్నచో అమ్మకపువాడు ప్రతిసారి పిడిని చేత త్రిప్పవలెను. ఈ పనిని విద్యుత్తుచే చేయింపుమని కెట్టరింగునకు అప్పగించిరి. ఇచ్చట ఒక చిక్కు కలదు. ఎడతెగక పనిచేయు మోటారునకు కావలసినంత దిట్టతనము కావలెనన్నచో అది యంత్రముకంటె పెద్దదగును. కెట్టరింగ్ మరియొక విధముగా ఆలోచించెను. ఆ సొరుగు తెరచుకొనుటకు పట్టు కాలము ఒక్క క్షణమే. తరువాత మోటారు విశ్రాంతిగా నుండును. క్షణకాలము మాత్రము శక్తికి మించిన బరువు మోపినచో చిన్న మోటారు చెడిపోదు. ఈ లెక్కతో 1906లో అతడు విద్యుత్ క్యాష్ రిజిస్టరును సిద్ధము చేసెను. చదువరులు ఈ యుక్తిని జ్ఞాపకముంచుకొనవలెను. అయిదేండ్ల తరువాత ఇదియే మరల అక్కరకు వచ్చినది.

ఆ కంపెనీలోనే ఎడ్వర్డ్ డీడ్స్ అను అధికారి కెట్టరింగునకు మిత్రుడయ్యెను. డీడ్స్ తన యింటి వెనుక కొట్టములో స్వయముగా ఒక మోటారుకారును కూర్చుకొనుచుండెను. నిప్పురవ్వను పుట్టించు సాధనము మాత్రము సరిగా పనిచేయుటలేదని అతడు కెట్టరింగుతో చెప్పెను. పగలు కంపెనీలో కొలువు, రాత్రులు కొట్టములో ప్రయోగములు. క్యాష్ రిజిస్టరు కంపెనీలోని మరికొందరు పనివారును ఉత్సాహముకొలది వచ్చి చేరిరి. వీరిని జనులు కొట్టపు ముఠా అని వేడుకగా పిలిచెడివారు.

అప్పటి బండ్లలోని జ్వలన సాధనము, అనగా ఇగ్నిషన్, ఎట్లుండెనో కొంత చెప్పవలెను. సిలిండరులో పెట్రోలు ఆవిరియు గాలియు కలిసి పిస్టనుచే నొక్కబడియుండును. సరియైన క్షణమున ఒక నిప్పురవ్వ పుట్టి ఆ మిశ్రమమును మండింపవలెను. నాలుగు సిలిండరుల యంత్రము నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునప్పుడు సెకనునకు నూరు నిప్పురవ్వలు కావలెను. అందు ఏదియు ముందు పుట్టరాదు, ఆలసింపరాదు. ప్లగ్గు కొనలనడుమ గల సందును దాటి రవ్వ దూకవలెనన్నచో వేలకొలది వోల్టులు కావలెను; బ్యాటరీలో నున్నవో కొలది వోల్టులు మాత్రమే. పాత పద్ధతిలో ఒక తీగచుట్ట జుమ్మని అదరుచు, ఒక్క రవ్వ కావలసినచోట రవ్వల వర్షమే కురిపించెడిది. దానివలన బ్యాటరీలు త్వరలో నీరసించి, దారి నడుమ బండి నిలిచిపోయెడిది. మరికొన్ని బండ్లలో మాగ్నెటో అను యంత్రముండెను. అది వేగముగా తిరుగునప్పుడు చక్కగా పనిచేసినను, చేత మెల్లగా త్రిప్పి కదలించునప్పుడు రవ్వ బలహీనముగా నుండెడిది.

కెట్టరింగ్ చేసినపని చూచుటకు స్వల్పము. ఒక్కొక్క మండుటకు ఒక్కటే బలమైన రవ్వ చాలునని అతడు నిశ్చయించెను. అంతకు మునుపు క్యాష్ రిజిస్టరులకై తాను రూపొందించిన విద్యుదయస్కాంత రిలేను పోలినదానిని ఇందు ఉపయోగించి, ఆ ఒక్క రవ్వ పుట్టినంతనే కరెంటు తెగిపోవునట్లు చేసెను. బ్యాటరీ ఖర్చు మిక్కిలి తగ్గెను. కాడిలాక్ కార్ల కంపెనీ అధిపతి హెన్రీ లీలండ్ ఈ సాధనమును పరీక్షింపజేసి, 1910వ సంవత్సరపు తన బండ్లకు వేలకొలదిగా కావలెనని కోరెను. డీడ్స్, కెట్టరింగులకు అప్పటికి కర్మాగారమే లేదు! 1909లో వారు డేటన్ ఇంజనీరింగ్ లేబరేటరీస్ కంపెనీని స్థాపించిరి. ఆంగ్లమున ఆ పేరు పొడియక్షరములను కూర్చగా డెల్కో అయినది.

కాలక్రమమున రిలే పోయి, కాయిలు, డిస్ట్రిబ్యూటరు, పాయింట్లు, కండెన్సరు అను అంగములతో ఆ పద్ధతి స్థిరపడెను. బ్యాటరీ కరెంటు కాయిలులోని లావుతీగలో పారుచుండగా చుట్టును అయస్కాంతశక్తి నిలువయగును. పాయింట్లు తెరచుకొనిన క్షణమున కరెంటు తెగి, ఆ శక్తి ఒక్కసారిగా కూలి, వేలకొలది చుట్లున్న సన్నతీగలో ఎక్కువ వోల్టులు పుట్టించును. డిస్ట్రిబ్యూటరు దానిని వరుసక్రమమున ఒక్కొక్క ప్లగ్గునకు పంచిపెట్టును. ఎలక్ట్రానిక్ పరికరములు వచ్చువరకు, అనగా 1970వ దశాబ్దివరకు, ప్రపంచములోని పెట్రోలు కార్లలో అధికభాగము ఈ పద్ధతినే అనుసరించెను. మన దేశపు రోడ్లపై చిరకాలము తిరిగిన అంబాసిడరు కార్లును ఇట్టివే. పాతబండ్లను ప్రేమతో కాపాడుకొనువారు నేటికిని పాతసామానుల అంగళ్లలో ఈ అంగములకై వెదకుచుందురు. అనుభవముగల మెకానిక్కు పైమెరుగు చూచి మోసపోడు. డిస్ట్రిబ్యూటరు మూతను వెలుతురునకెత్తి వెండ్రుకంత పగులైన గలదేమో చూచును. లోపల నల్లని గీతలున్నచో కరెంటు దారి తప్పినదని గ్రహించును. నడిమి కడ్డీని వ్రేళ్లతో కదలించి, అది ప్రక్కలకు ఊగినచో ప్రక్కకు పెట్టివేయును. ఏలయనగా అట్టి కడ్డీతో రవ్వ సరియైన వేళకు పుట్టదు. పాయింట్ల మొగములు గుంటలు పడినవో లేవో గోటితో తడిమి చూచును. కెట్టరింగ్ కొట్టములో రాత్రులు గడిపినది ఈ సూక్ష్మములకొఱకే.

ఇక కడ్డీ సంగతి. కార్టర్‌కార్ అను బండ్లను నిర్మించిన బైరన్ కార్టర్ లీలండునకు మిత్రుడు. చలికాలమున ఒక వంతెనపై నిలిచిపోయిన బండిని కదలించుటకు అతడు ఒక స్త్రీకి సాయపడుచుండగా కడ్డీ వెనుకకు తన్ని దవడ విరిచినదనియు, ఆ గాయమువలననే అతడు మరణించెననియు, అందుకు లీలండ్ మిక్కిలి కుమిలిపోయి ఇట్టి కడ్డీ తన బండికి ఇక వలదని నిశ్చయించెననియు ఒక కథ వ్యాప్తిలో నున్నది. కార్టర్ 1908లో మరణించెననుట నిజము. కథలోని మిగిలిన వివరములెట్లున్నను, కడ్డీ దెబ్బలు మాత్రము ఎల్లరు ఎరిగినవే. లీలండ్ కెట్టరింగును పిలిపించి, విద్యుత్తుచే యంత్రమును కదలించు ఉపాయము చూడుమని కోరెను.

విద్యుచ్ఛాస్త్రము చదివిన పెద్దలు ఇది అసాధ్యమనిరి. యంత్రమును త్రిప్పగల మోటారు, దానికి తగిన బ్యాటరీలు కలిసి బండిలో పట్టవని వారి లెక్క. ఆ లెక్కలో తప్పులేదు. మోటారు దినమంతయు పనిచేయవలసియున్నచో వారు చెప్పినదే నిజము. కాని యంత్రము మేలుకొనుటకు పట్టునది కొన్ని సెకనులు మాత్రమే. క్యాష్ రిజిస్టరు సొరుగు నేర్పిన పాఠము కెట్టరింగునకు జ్ఞాపకము వచ్చెను. చిన్న మోటారుపై కొలది సెకనులు పెద్దబరువు మోపిన చాలును. యంత్రము నడక సాగించిన పిదప ఆ మోటారే జనరేటరుగా మారి బ్యాటరీని నింపును. ఆ బ్యాటరీయే రవ్వకును, రాత్రివేళ దీపములకును కరెంటు నిచ్చును. ఇన్ని పనులను ఒక్క సాధనమున ఇముడ్చుట సామాన్యము కాదు. కొట్టపు ముఠావారు నిద్రాహారములు మాని పనిచేసి, 1911 ఫిబ్రవరిలో ఒక కాడిలాక్ బండికి స్టార్టరును అమర్చిరి. 1912వ సంవత్సరపు కాడిలాక్ బండ్లన్నియు కడ్డీతో పనిలేకయే కదలినవి. బ్రిటనులోని రాయల్ ఆటోమొబైల్ క్లబ్బువారు ఈ కారణమున కాడిలాక్ కంపెనీకి డ్యూవార్ పాత్రను రెండవ పర్యాయము బహూకరించిరి. స్టార్టరుకు పేటెంటు 1915లో లభించెను. ఆనాడు దానిని కాలితో నొక్కుటయో, మీటను నొక్కుటయో అలవాటు. తాళపుచెవి త్రిప్పుటతోనే స్టార్టరు పనిచేయు ఏర్పాటును క్రైస్లరు కంపెనీవారు 1949లో ప్రవేశపెట్టిరి.

1916లో డెల్కో కంపెనీ మరియొకరి వశమై, ఆ తరువాత జనరల్ మోటార్స్ అను మహాసంస్థలో కలిసెను. కెట్టరింగ్ ధనవంతుడయ్యెను. 1920 మొదలు 1947 వరకు ఆ సంస్థ పరిశోధనాలయమునకు అతడే అధిపతి. అయినను చొక్కాచేతులు మడిచి పనివారి నడుమ నిలుచుటయే అతనికి ఇష్టము. వారు అతనిని బాస్ కెట్ అని పిలుచుచుండిరి. కార్లకు రంగువేసి ఆరబెట్టుటకు వారముల కాలము పట్టుచుండగా, డ్యూపాంట్ కంపెనీవారితో కలిసి అతని బృందము కొలది గంటలలో ఆరిపోవు రంగును వాడుకలోనికి తెచ్చెను. అన్నియు విజయములే అనరాదు. నీటితో పనిలేక గాలితోనే చల్లబడు రాగిరెక్కల యంత్రమును అతడు ఎంతో నమ్మకముతో నిర్మింపజేసెను. 1923లో ఆ యంత్రముగల షెవర్లే కార్లు 759 తయారైనవి. అవి వేడెక్కి బలము కోల్పోవుచుండుటచే సంస్థ వానిని వెనుకకు తెప్పించెను. కెట్టరింగ్ మనసు విరిగి రాజీనామా చేయబూనెను. సంస్థ అధ్యక్షుడు ఆల్‌ఫ్రెడ్ స్లోన్ అతనిని ఒప్పించి నిలిపెను.

ఇప్పుడు చెప్పబోవునది అతని జీవితములో చీకటి ఘట్టము. దీనిని దాచి అతని కథ చెప్పుట న్యాయము కాదు. దీనికిని ఆ నిప్పురవ్వయే మూలము. బ్యాటరీ జ్వలనముతో వచ్చిన కాడిలాక్ బండ్లలో ఎత్తులెక్కునప్పుడు యంత్రమున సుత్తితో కొట్టినట్లు ఠకఠక ధ్వని పుట్టెడిది. మాగ్నెటో తయారుచేయువారు ఆ దోషమును కెట్టరింగ్ సాధనముపై వేసిరి. తన రవ్వయందు దోషము లేదని నిరూపింపవలెనన్న పట్టుదల అతనికి కలిగెను. థామస్ మిడ్జిలీ అను యువ ఇంజనీరునకు ఆ పని నప్పగించెను. దోషము రవ్వలో లేదు, పెట్రోలు మండు తీరులో నున్నదని మిడ్జిలీ కనుగొనెను. కిరసనాయిలుకు ఎఱ్ఱరంగు కలిపినచో అది వేడిని త్వరగా పీల్చుకొని చక్కగా మండునేమో అని ఊహించి, చేతికి దొరకిన అయొడిన్ కలిపి చూచిరి. ధ్వని తగ్గెను! రంగువలన మాత్రము కాదు. అయొడినునకే ఆ గుణము కలదు. తప్పుడు ఊహ సరియైన దారికి చేర్చినది. ఆ తరువాత సంవత్సరములకొలది అనేక పదార్థములను పరీక్షించి, 1921 డిసెంబరు 9వ తేదీన టెట్రాఇథైల్ లెడ్ అను సీసపు ద్రవము కొంచెము కలిపినను ధ్వని పూర్తిగా పోవునని కనుగొనిరి. 1923లో డేటన్ నగరముననే సీసము కలిపిన పెట్రోలు అమ్మకము ప్రారంభమయ్యెను. 1924లో దీనికై ఏర్పడిన ఇథైల్ కంపెనీకి కెట్టరింగే మొదటి అధ్యక్షుడు.

సీసము విషమని మనుష్యులు ప్రాచీనకాలమునుండియు ఎరుగుదురు. 1924 అక్టోబరులో న్యూజెర్సీ రాష్ట్రములోని ఒక శుద్ధి కర్మాగారమున ఈ ద్రవమును తయారుచేయు పనివారు అయిదుగురు మతిచలించి మరణించిరి. ఇతరచోట్లను మరణములు జరిగెను. అమ్మకము కొంతకాలము నిలిచెను. 1925 మే నెలలో వైద్యులు, ప్రభుత్వాధికారులు, కంపెనీలవారు సమావేశమై వాదించిరి. బండ్లు విడుచు పొగలో వెలువడు సీసము పట్టణప్రజలను మెల్లమెల్లగా రోగగ్రస్తులను చేయునని కొందరు వైద్యులు అప్పుడే హెచ్చరించిరి. కెట్టరింగ్ సీసము పక్షముననే నిలిచెను. పెట్రోలునకు మద్యసారము కలిపినను ఆ ధ్వని తగ్గునని అతని పరిశోధనాలయమువారే ఎరుగుదురు. కాని సీసము చవుక, కొంచెము చాలును, పేటెంటు లాభమును గలదు. 1926లో అమ్మకము మరల సాగినది. దరిమిలా యాబది సంవత్సరములకు పైగా ప్రపంచమంతట బండ్లు సీసపు పొగను వెదజల్లినవి. బాలబాలికల మెదడు పెరుగుదలకు అది హాని చేయునని తరువాతి పరిశోధనలు స్పష్టము చేసినవి. భారతదేశమున 2000వ సంవత్సరమున సీసపు పెట్రోలు నిలిపివేయబడినది. ప్రపంచములో చివరిగా అల్జీరియా 2021లో దానిని విడిచెను. శీతలీకరణ యంత్రములకై అదే మిడ్జిలీచే కెట్టరింగ్ చేయించిన ఫ్రియాన్ వాయువునకును ఇట్టి గతియే పట్టినది. అది మంటనంటదు, పీల్చినవారికి విషము కాదు. కావున ఆనాడు గొప్ప మేలుగా తోచెను. ఆకాశమున ఓజోను పొరను అది తినివేయునని తెలిసినది వారిరువురు గతించిన పిమ్మటనే. సీసము సంగతి అట్లు కాదు. హెచ్చరికలు అతని చెవిని పడినవి.

నిప్పురవ్వతో కీర్తిగాంచిన ఈ మనుష్యుడు నడివయసు దాటిన పిదప నిప్పురవ్వయే అక్కరలేని డీసెలు యంత్రమునకు వశుడయ్యెను. ఆ యంత్రమున గాలిని గట్టిగా నొక్కుటచే పుట్టిన వేడికే నూనె మండును. అప్పటి డీసెలు యంత్రములు కొండలవలె బరువైనవి. కెట్టరింగును, అతని ఏకైక కుమారుడు యూజీన్ మున్నగు ఇంజనీర్లును కలిసి తేలికయైన డీసెలు యంత్రమును నిర్మించిరి. అట్టి యంత్రము పూన్చిన జెఫిర్ అను రైలు 1934 మే 26వ తేదీన డెన్వర్ నగరమునుండి షికాగో వరకు వెయ్యిమైళ్లకు పైగా మార్గమును ఎచ్చటను ఆగక పదమూడు గంటల అయిదు నిమిషములలో దాటెను. అంతటినుండి అమెరికా రైలుమార్గములపై ఆవిరియంత్రముల కాలము తీరినది.

అతని సోదరి ఎమ్మాయు, తరువాత 1946లో భార్య ఆలివును క్యాన్సరు వ్యాధిచే మరణించిరి. స్లోన్, కెట్టరింగులు కలిసి 1945లో న్యూయార్కున క్యాన్సరు పరిశోధనాలయమును స్థాపించియుండిరి. రోగము మూలమును కర్మాగారములోని సమస్యవలె ఓపికతో శోధించినచో పట్టుకొనవచ్చునని కెట్టరింగ్ నమ్మకము. వృద్ధాప్యమునను అతడు చెట్ల ఆకులు సూర్యరశ్మినుండి ఆహారము నెట్లు తయారుచేసికొనునో తెలిసికొనుటకై ధనము వెచ్చించి పరిశోధనలు చేయించుచుండెను.

అతని పేర 186 అమెరికా పేటెంట్లున్నవి. 1958 నవంబరు 25వ తేదీన డేటన్ సమీపమున కెట్టరింగ్ మరణించెను. అప్పటికి మూడేండ్ల మునుపే అతడు నివసించిన ప్రాంతము అతని పేరిట నగరమైనది. కారు ముందు నిలిచి కడ్డీ త్రిప్పినవాని నెరిగినవారు అప్పటికి ఆ నగరమున ముసలివారు మాత్రమే మిగిలియుండిరి.